ఇండోల్: కంటికి కనబడని జీవుల మాట

సాయంకాలపు కూడికకు వచ్చే ఆడపిల్లల జడల్లో మల్లెపూలు గుప్పుమంటాయి. ఊరి చివర బహిర్భూమి పక్కగా నడిచి వస్తే మరొక విధమైన వాసన గుప్పుమంటుంది. ఈ రెండింటిలోనూ ఒకే పదార్థం ఉన్నదంటే చాలామంది నమ్మరు. దాని పేరు ఇండోల్. మల్లె, జాజి పూల పరిమళంలో అది కొద్దిపాటిగా కలిసి ఉంటుంది. మన మలములో దండిగా ఉంటుంది. బాగా పలుచబడితే పూల వాసన, చిక్కబడితే ముక్కు మూసుకొనే వాసన. పూవులోని ఇండోలును పూవే చేసుకుంటుంది. మలములోనిది మాత్రం మన పేగులలో కాపురమున్న బాక్టీరియా చేసినది.

ప్రియ పాఠకులారా, ఈ మాసం ఆ చిన్న పదార్థాన్ని గూర్చి, దానిని తయారుచేసి వాడుకొనే కంటికి కనబడని జీవులను గూర్చి తెలుసుకుందాం. ఇది వట్టి వింత కొరకు చెప్పే సంగతి కాదు. మీ ఇంటి అల్మరాలోనో, గూటిలోనో, దూలానికి వ్రేలాడే సంచిలోనో ఎప్పుడో మిగిలిపోయిన విరేచనాల బిళ్ళలు నాలుగు ఉన్నట్లయితే ఈ సంగతి మీకు సంబంధించినదే.

నీలిమందు ఇచ్చిన పేరు

ఇండోల్ అనే పేరులో మన దేశం పేరు దాగి ఉంది. పూర్వం మన దేశమునుండి ఓడలలో వెళ్ళిన నీలిమందును ఐరోపావారు ఇండిగో అన్నారు. అంటే ఇండియా సరుకు అని అర్థం. జర్మనీ దేశస్థుడైన అడాల్ఫ్ బేయర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ నీలిమందు ఎలా కట్టబడిందో తెలుసుకోవాలని దానిని విడగొట్టుతూ పోయాడు. 1866లో దానినుండి వచ్చిన ఒక పదార్థాన్ని జింకు పొడితో కలిపి వేడిచేయగా ఇండోల్ చేతికి వచ్చింది. ఈ విధమైన పరిశోధనలకు 1905లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

కడప, నెల్లూరు ప్రాంతాల పెద్దలకు నీలిమందు సంగతి తెలియనిది కాదు. ఒకప్పుడు అక్కడ నీలి పైరు విస్తారంగా పండేది. కోసిన మొక్కలను తొట్లలో నీళ్ళు పోసి నానబెడితే ఆకులోని రసం పులిసి విడిపోయేది. ఆ నీటిని కర్రలతో బాదితే గాలి తగిలి నీలి రంగు అడుగున పేరుకొనేది. ఆ పులియడంలో బాక్టీరియాకు భాగం ఉంది. అద్దకపు తొట్టిలోనైతే వాటి పని ఇంకా ఎక్కువ. నీలిమందు నీటిలో కరగదు. తొట్టిలోని బాక్టీరియా దానిని కరిగే రూపంలోనికి మార్చుతాయి. దక్షిణాదిలో కొందరు అద్దకపువారు ఇందుకొరకే తగిరిస గింజలు ఉడికించి, సున్నం కలిపి తొట్టిని పులియబెడతారు. బట్టను ముంచి పైకి తీసినప్పుడు పసుపు పచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్ళెదుటే నీలంగా మారుతుంది. మొదటిసారి చూచినవారు నోరు తెరుచుకొని నిలబడిపోతారు. 1897లో జర్మనీలో కృత్రిమ నీలిమందు అమ్మకానికి వచ్చింది. తరువాత కొద్ది సంవత్సరాలలోనే మన నీలి తొట్లు ఎండిపోయాయి.

1983లో అమెరికాలో మరొక వింత జరిగింది. కలరా ఉండలను, అదే బట్టల పెట్టెలో వేసుకొనే నాఫ్తలీను ఉండలను, తిని బ్రతుకగలిగిన ఒక బాక్టీరియానుండి కొన్ని జన్యువులను తీసి, ఆమ్‌జెన్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఇ. కోలై అనే బాక్టీరియాలో ఉంచారు. మరునాటికి పళ్ళెంలోని ఆ బాక్టీరియా నీలం రంగుకు తిరిగింది! ఇ. కోలై తన అలవాటు చొప్పున ఇండోల్ చేసింది. క్రొత్తగా వచ్చిన జన్యువు ఆ ఇండోలును నీలిమందుగా మార్చింది. బేయర్ నీలినుండి ఇండోల్ తీశాడు. ఈ జీవులు ఇండోల్‌నుండి నీలి తీశాయి.

గింజ తిని పొట్టు పారవేసినట్లు

ఇక బాక్టీరియా ఇండోలును ఎలా చేస్తాయో చూద్దాం. మనం తినే గుడ్డు, పాలు, చేపలు, కందిపప్పు, వేరుశనగ వీటన్నిటిలోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండలవంటివి. ఆ పూసలు 20 రకాలు. వాటిలో ట్రిప్టోఫాన్ ఒకటి. దీనిని మన శరీరం స్వయంగా చేసుకోలేదు, ఆహారంలోనుండే రావాలి. 1901లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాప్కిన్స్, ఆయన సహచరుడు కోల్ దానిని మొదట వేరుచేశారు. బాక్టీరియా ఈ ట్రిప్టోఫాన్‌ను తిని ఇండోల్ వదులుతాయని 1903లో తెలియజేసినవారు కూడా వీరే.

మన చిన్నపేగుకు అందక మిగిలిన ట్రిప్టోఫాన్ పెద్దపేగులోనికి జారుతుంది. అక్కడ ఇ. కోలై మొదలైన జీవులు కాచుకొని ఉంటాయి. ట్రిప్టోఫానేజ్ అనే ఎంజైముతో అవి దానిని మూడు ముక్కలు చేస్తాయి. ఒక ముక్క పైరువేటు, అది వాటికి తిండి. రెండవది అమ్మోనియా, అందులోని నత్రజని కూడా వాటికి పనికివస్తుంది. మూడవది ఇండోల్. వేరుశనగ కాయ ఒలిచి గింజ నోట్లో వేసుకొని పొట్టు పారవేసినట్లు అవి ఇండోలును బయటికి వదులుతాయి. ఈ పని చేయగల బాక్టీరియా 85 రకాలకు పైగా ఉన్నట్లు లెక్క కట్టారు. అయితే దగ్గరలో గ్లూకోజు వంటి చక్కెర దొరికినప్పుడు ఇ. కోలై ట్రిప్టోఫాన్ జోలికి పోదు. తీపి ఉండగా పొట్టు ఒలుచుకొనేదెవరు?

ఈ అలవాటు ఆసుపత్రి ప్రయోగశాలలకు బహు ఉపకారమైంది. బాక్టీరియాను పెంచిన గాజు గొట్టంలో 1928లో కొవాక్స్ కనిపెట్టిన మందును కొన్ని చుక్కలు వేస్తారు. ఇండోల్ ఉంటే పైన ఎర్రని వలయం కనబడుతుంది. ఇ. కోలై అయితే ఎర్ర వలయం వస్తుంది. టైఫాయిడ్ క్రిమి అయితే రాదు, ఎందుకంటే దానికి ఇండోల్ చేయడం తెలియదు. కలరా క్రిమి కూడా ఇండోల్ చేస్తుంది. దానిని పెంచిన రసంలో గంధకికామ్లం వేస్తే ఎర్రబడుతుందని 19వ శతాబ్దపు చివరి దినాలలోనే వైద్యులకు తెలుసు. బావి నీటిలో మలము కలిసిందో లేదో చూచే ప్రయోగశాలలోనూ ఇ. కోలైని గుర్తుపట్టడానికి ఈ ఇండోల్ పరీక్ష చేస్తారు. త్రవ్వుకొనే పనిముట్టు తీసుకొని పాళెము వెలుపలికి వెళ్ళి, గుంట త్రవ్వి, మలమును కప్పి రావాలని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు ఇచ్చిన కట్టడ జ్ఞాపకం తెచ్చుకోండి.

పొలంలో దాని చుట్టం

ట్రిప్టోఫాన్ పేగులో మాత్రమే కాదు, పొలంలోనూ ఉంటుంది. మొక్కల వేళ్ళు మట్టిలోనికి కొద్దికొద్దిగా రసాలు కారుస్తాయి. అందులో ట్రిప్టోఫాన్ కూడా ఉంటుంది. వేళ్ళ చుట్టూ ఉన్న బాక్టీరియాలో చాలా రకాలు దానిని ఇండోల్ అసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఇది ఇండోల్‌కు దగ్గరి చుట్టం. మొక్క పెరుగుదలను నడిపించే హార్మోను ఇదే. 1934లో హాలెండులో కోగెల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు దీనిని వేరుచేసినది దేనిలోనుండో తెలుసా? మనుష్యుల మూత్రంలోనుండి. పాదుల మొదట మూత్రం పోయడానికి నవ్వేవారు ఈ మాట వినాలి. అయితే పాదుకు మేలు చేసేది ముఖ్యంగా మూత్రంలోని యూరియా అని కూడా చెప్పాలి.

జీవన ఎరువుగా వ్యవసాయ శాఖవారు ఇచ్చే అజోస్పైరిల్లం పొట్లం మన రైతులకు పరిచయమే. బ్రెజిల్ దేశంలో జొహన్నా డోబెరైనర్ అనే స్త్రీ 1970లలో ఈ జీవి మీద చేసిన పని వలన దీని పేరు లోకానికి తెలిసింది. ఇది గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని అందరూ చెబుతారు. అది నిజమే గాని, పైరుకు జరిగే మేలులో అంతకంటె పెద్ద భాగం వేళ్ళదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఈ జీవి వదిలే ఇండోల్ అసిటిక్ ఆమ్లం వలన పిల్లవేళ్ళు, నూగువేళ్ళు ఎక్కువవుతాయి. వేళ్ళు ఎక్కువైతే నీరు, ఎరువు ఎక్కువ అందుకుంటాయి. ఆమ్లం చేసే శక్తిని తగ్గించిన అజోస్పైరిల్లంను వేసి చూచినప్పుడు వేళ్ళ మీద దాని ప్రభావం తగ్గిపోయింది. అలాగని మోతాదు మించి వేస్తే వేరు పొడవు ఎదగక కురచబారుతుంది. పొట్లంలో ఉన్నది ప్రాణమున్న జీవి గనుక ఎండలో పెట్టినా, శిలీంధ్రాల మందుతో కలిపినా చచ్చిపోతుంది. అలా చంపుకొని, పొట్లం పనిచేయలేదని నిందించేవారు లేకపోలేదు.

ఇదే ఆమ్లంతో హాని చేసే జీవి కూడా ఉంది. ఆగ్రోబాక్టీరియం అనేది మొక్క గాయంలో దూరి, ఈ హార్మోను తయారుచేసే జన్యువులను మొక్క కణాలలోనే నాటివేస్తుంది. ఆ మొక్క తన ప్రమేయం లేకుండా హార్మోను చేసుకుంటూ కణితి పెంచుకుంటుంది. గులాబీ మొదళ్ళలో కనబడే గరుకైన బుడిపెలు కొన్ని ఇటువంటివే.

పేగు గోడకు వినబడే మాట

మళ్ళీ పేగులోనికి వద్దాం. దేవుడు వ్యర్థంగా దేనినీ చేయలేదని సండేస్కూలులో నేర్చుకున్నాం గాని, ఇండోల్ విషయంలో ఆ పాఠం శాస్త్రజ్ఞులకు అందడానికి దాదాపు నూరేండ్లు పట్టింది. అంతకాలమూ వారు దానిని చెత్త అనుకున్నారు. 2001లో అమెరికాలో వాంగ్, డింగ్, రాథర్ అనేవారు ఇ. కోలైలో ఇండోల్ కొన్ని జన్యువులను మేలుకొలుపుతుందని చూపించారు. అది పారవేసిన పొట్టు మాత్రమే కాదు, ఒక కబురు అని అప్పటినుండి తెలిసింది. ఒక బాక్టీరియా వదిలిన ఇండోల్ ప్రక్కదానిలోనికి తలుపు తట్టకుండానే ప్రవేశిస్తుంది, ఎందుకంటే దానికి కణపు పొరలు అడ్డు కావు. చుట్టూ ఇండోల్ పెరిగిందంటే "మనవాళ్ళం చాలామందిమి అయ్యాము, తిండి తగ్గుతున్నది" అని చెప్పుకొన్నట్లే. నేను మాట అంటున్నాను గాని వాటికి నాలుకా లేదు, చెవీ లేదు. పల్లెలో చాటింపు డప్పు వినబడగానే ఎవరి పని వారు ఆపుకొని వచ్చినట్లు, ఆ పదార్థం తగలగానే కణంలో కొన్ని పనులు ఆగిపోయి కొన్ని మొదలవుతాయి.

ఈ చాటింపు మన శరీరానికి కూడా వినబడుతుంది. 2010లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జయరామన్, వుడ్ అనే శాస్త్రజ్ఞుల బృందం ప్రయోగశాలలో పెంచిన మానవ పేగు కణాలకు ఇండోల్ ఇచ్చి చూచింది. కణానికీ కణానికీ మధ్యనున్న అతుకులు మరింత బిగిశాయి, వాపు గుర్తులు తగ్గాయి. ఇటుకల మధ్య సున్నం గట్టిపడినట్లు అనుకోండి.

2019లో డల్లాస్ నగరంలో వెనెస్సా స్పెరాండియో, ఆమె తోటి పరిశోధకుడు కుమార్ ఇంకొక సంగతి ప్రచురించారు. పేగు మధ్యలో ఇండోల్ ఎక్కువ, గోడ దగ్గర తక్కువ. రక్త విరేచనాలు కలిగించే ఒక రకం ఇ. కోలై ఈ తేడాను పసిగడుతుంది. ఇండోల్ ఎక్కువగా ఉన్నచోట అది తన ఆయుధాలు దాచుకుంటుంది. తక్కువైన చోట, అంటే గోడ దగ్గరికి వచ్చానని గుర్తించి, తీస్తుంది. ఇండోల్ చేయగలిగిన మేలు బాక్టీరియా ఉన్న ఎలుకలలో ఇటువంటి జబ్బు తక్కువ తీవ్రంగా ఉంది. అటువంటి మేలు జీవులను మనమే అనవసరపు మందులతో తుడిచిపెట్టితే లోపల ఎటువంటి మౌనం ఏర్పడుతుందో ఆలోచించండి.

అన్ని ఇండోల్ చుట్టాలూ ఒకటి కావు. 2024లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుల పరిశోధన ఒకటి వెలువడింది. పీచు పదార్థం తిన్నప్పుడు కొన్ని బాక్టీరియా ఆ పీచును విడగొట్టి చక్కెరలు వదులుతాయి. ఇ. కోలై ఆ చక్కెరలకు మళ్ళి ట్రిప్టోఫాన్‌ను విడిచిపెడుతుంది. అప్పుడు మరొక జీవి ఆ ట్రిప్టోఫాన్‌ను ఇండోల్‌గా గాక, శరీరానికి మేలైనవని తలచే వేరే ఇండోల్ ఆమ్లాలుగా మారుస్తుంది. ఆకుకూరలు, జొన్నలు, రాగులు, పొట్టుతో ఉన్న పప్పులు తినే ఇంటిలో పేగులోని వంట కూడా మారుతుందన్నమాట.

ఎందుకంటే ఇండోల్ అతిగా ఉండడమూ మంచిది కాదు. పేగునుండి రక్తంలో చేరిన ఇండోలును కాలేయం ఇండాక్సిల్ సల్ఫేటుగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది బయటికి పోక రక్తంలో నిలిచి మరింత కీడు చేస్తుంది. మంచం పట్టిన పెద్దవారికి మూత్రపు గొట్టం, సంచి అమర్చిన ఇళ్ళలో మరొక వింత ఎప్పుడైనా కనబడవచ్చు. సంచి ఊదా రంగుకు తిరుగుతుంది. ఎవరో ఏదో చేశారని కంగారుపడవద్దు. మూత్రంలో చేరిన కొన్ని బాక్టీరియా ఈ సల్ఫేటును విడగొట్టగా అదే పాత నీలిమందు, దానితోపాటు ఒక ఎర్ర రంగు, సంచిలో తయారవుతాయి. మలబద్ధకం ఉన్నవారిలో ఇది ఎక్కువ. రంగు ప్రమాదం కాదు గాని మూత్రంలో క్రిములు ఉన్నాయనడానికి గుర్తు. గొట్టం మార్చించి డాక్టరుకు చూపించాలి.

బలమైనవి బలహీనమైనవాటిని కాచినప్పుడు

ఇప్పుడు ఆ మిగిలిపోయిన బిళ్ళల దగ్గరికి వద్దాం. 2010లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కాలిన్స్ బృందం ఇ. కోలైని ఒక పాత్రలో పెంచుతూ నార్‌ఫ్లాక్సాసిన్ మందును అందులో కలిపింది. అవును, మన మందుల షాపులలో "అన్నా, విరేచనాల బిళ్ళలు నాలుగు ఇవ్వు" అంటే తీసి ఇచ్చేవాటిలో ఉండే మందే. రోజులు గడిచేకొద్దీ వారు మోతాదు పెంచుతూ పోయారు. బాక్టీరియా గుంపు కూడా మందును తట్టుకొనే శక్తి పెంచుకుంటూ పోయింది. మరి ఆ గుంపులో ఒక్కొక్కదాన్ని వేరుగా తీసి పరీక్షిస్తే? చాలావాటికి అంత శక్తి లేదు! గుంపుగా ఉన్నప్పుడు బ్రతుకుతున్నవి ఒంటరిగా అయితే చచ్చిపోతున్నాయి. మందును నిజంగా గట్టిగా తట్టుకోగలవి బహు కొద్ది మాత్రమే.

రహస్యం ఇండోల్. మామూలు ఇ. కోలై మందు దెబ్బ తగలగానే ఇండోల్ చేయడం మానివేస్తుంది. ఆ కొద్ది బలమైనవి మాత్రం మానలేదు, చేస్తూనే ఉన్నాయి. ఆ ఇండోల్ బలహీనమైనవాటిని చేరి, లోపలికి వచ్చిన మందును బయటికి తోడివేసే పంపులను వాటిలో నడిపించింది. మందు వలన కలిగే విషప్రభావాన్ని తట్టుకొనే ఏర్పాట్లను కూడా మేలుకొలిపింది. విడిగా ఇండోల్ కలిపి చూచినా బలహీనమైనవి తట్టుకున్నాయి. ఇంతకూ బలమైనవి దీనికి వెల చెల్లిస్తున్నాయి. ఇండోల్ చేయడానికి శక్తి ఖర్చవుతుంది, వాటి స్వంత పెరుగుదల ఆ మేరకు తగ్గుతుంది. శాస్త్రజ్ఞులు దీనికి బాక్టీరియా ధర్మకార్యం అని పేరు పెట్టి ప్రచురించారు.

బలవంతులు బలహీనుల భారం మోయడమనే సంగతి వినగానే దీనిని ప్రసంగంలో వాడుకుందామని మన అయ్యగార్లకు తోచవచ్చు. ఒక్క క్షణం ఆగమని నా మనవి. ఆ గుంపంతా ఒకే కణంనుండి విడిపోయిన సంతతి. అక్కడ ప్రేమ లేదు, ఎన్నిక లేదు. పైగా ఆ ధర్మకార్యం వలన బ్రతికేది మన బిడ్డకు జబ్బు చేసే క్రిమి. సృష్టిలోని ప్రతి అద్భుతమూ మనకు ఉపమానంగానే ఇవ్వబడిందనుకోవడం తొందరపాటు. కొన్నిటిని హెచ్చరికగా చూడడమే మంచిది.

2013లో అదే కాలిన్స్ ప్రయోగశాలనుండి మరొక పరిశోధన వచ్చింది. సాల్మొనెల్లా అనే క్రిమి టైఫాయిడ్ క్రిమి కుటుంబానిది. వారు పరీక్షించిన రకం ఆహారం చెడినప్పుడు విరేచనాలు కలిగించేది. దానికి ఇండోల్ చేయడం రాదని పైన చెప్పుకున్నాం. కాని ప్రక్కన ఇ. కోలై చేసిన ఇండోలును అది పట్టుకుంటుంది. పట్టుకొని తాను కూడా మందును తట్టుకొనే శక్తి పెంచుకుంటుంది. చిన్న పురుగుల పేగులలో కూడా ఇలాగే జరగడం వారు చూచారు. ఎదురింటి చాటింపు చాటుగా విని దొంగ జాగ్రత్తపడినట్లుంది. మనుష్యుల పేగులో ఇది ఎంతవరకు జరుగుతుందో ఆ ప్రయోగం చెప్పదు గనుక అంతకు మించి మనమూ చెప్పరాదు.

అయితే ఈ సంగతులు ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. మనం బిళ్ళ మింగినప్పుడు అది ఒక్క క్రిమి మీద పడదు. కోటానుకోట్ల జీవులున్న ఊరి మీద పడుతుంది. ఆ ఊరివారు ఒకరికొకరు కబురు పెట్టుకొనేవారు. అవసరం లేనప్పుడు వేసిన ప్రతి మోతాదూ మందు తగలగానే చచ్చే సాధుజీవులను తగ్గించి, తట్టుకొనేవాటికి చోటిస్తుంది. 2019 సంవత్సరంలో మందులకు లొంగని బాక్టీరియా వలన నేరుగా ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించారని లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించింది.

పసిబిడ్డల విరేచనాలలో చాలా భాగం వైరసుల వలన వచ్చేవి. వైరసు మీద నార్‌ఫ్లాక్సాసిన్ గాని మరే యాంటీబయాటిక్ గాని పనిచేయదు. రోటావైరసుకు టీకా ఉంది. హైదరాబాదులో తయారైన ఆ టీకా చుక్కలను 2016లో ప్రభుత్వం ఉచితంగా వేయడం మొదలుపెట్టినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిడ్డను చంపేది చాలామట్టుకు క్రిమి కాదు, ఒంట్లో నీరు, ఉప్పు పోవడం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బొంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ సెలైన్ సీసాలు అయిపోగా ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీరు డ్రమ్ములలో పోసి త్రాగించాడు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశాడు. నేడు మనం వాడే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ వంశానిదే.

కనుక విరేచనాలు పట్టుకున్న బిడ్డకు మొదట ఓ.ఆర్.ఎస్. కలపండి. పెద్ద పొట్లమైతే ఒక లీటరు నీటికి, చిన్న పొట్లమైతే దాని మీద వ్రాసిన కొలతకు. సగం పొట్లం ఇప్పుడు, సగం రేపు అని పంచవద్దు. తల్లిపాలు ఆపవద్దు, అన్నం మాన్పించవద్దు. దానితో జింకు బిళ్ళ, 6 నెలలు దాటిన బిడ్డకు దినానికి 20 మిల్లీగ్రాములు, అంతకంటె చిన్నబిడ్డకు 10, విరేచనాలు ఆగినా 14 దినాలు ఇవ్వాలి. ఇవి ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతాయి. మలములో రక్తం కనబడినా, కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, త్రాగలేకపోయినా, పొట్టమీద చర్మం చిటికెతో లాగి వదిలితే నెమ్మదిగా వెనుకకు వెళ్ళినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అటువంటప్పుడు యాంటీబయాటిక్ కావాలో, ఏది కావాలో డాక్టరే చెబుతారు. చెప్పినప్పుడు చెప్పినన్ని దినాలు వాడాలి.

యాంటీబయాటిక్ బిళ్ళల అట్ట మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా దీనిని వాడరాదని దాని అర్థం. ప్రజలు ఈ గీతను గుర్తించాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. అక్షరం రాని అమ్మమ్మ కూడా ఆ గీతను గుర్తుపట్టగలదు. ఇంట్లో ఉన్న అట్టలు ఒకసారి తీసి చూడండి.

మరి జ్వరం నాలుగైదు దినాలు విడవకుండా ఉండి టైఫాయిడ్ అని అనుమానం వస్తే, వీలైనంతవరకు మొదటి యాంటీబయాటిక్ బిళ్ళ వేయకముందే రక్తం తీయించి కల్చర్ పరీక్షకు ఇవ్వడం మంచిది. మన దేశంలో టైఫాయిడ్ క్రిమి ఇప్పటికే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులకు చాలాచోట్ల లొంగడం లేదు. ఏ మందుకు లొంగుతుందో ఆ పరీక్షలో తెలుస్తుంది. బిళ్ళలు వేసుకొని వెళ్ళితే సీసాలో క్రిమి పెరగక ఫలితం తేలకపోవచ్చు. ఫలితానికి రెండు మూడు దినాలు పడుతుంది. అది క్రిమి పెరగడానికి పట్టే కాలం. పెరిగిన తరువాత దాని ఆనవాలు పట్టడానికి చేసే పరీక్షలలో ఇండోల్ పరీక్ష ఒకటి. టైఫాయిడ్ క్రిమి ఉన్న గొట్టంలో ఎర్ర వలయం రాదు.